ఆపా ఎత్తుకుపోయిన గంట

ఆపా పోయిన నాలుగో రోజున మా సేవా క్లబ్బు వాట్సాప్ గ్రూపులోకి ఒక లింకు వచ్చింది. దాని కింద కొత్త అధ్యక్షుడి సందేశం. గురువారం సాయంత్రం ఏడింటికి సంతాప సమావేశమట. ఆన్‌లైన్‌లోనట. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండొచ్చట, కెమెరా ఆపుకున్నా హాజరు పడుతుందట. ఇకమీదట మామూలు సమావేశాలు కూడా ఇలాగే పెట్టుకుంటే అందరికీ సౌకర్యమట. బస్టాండులో ఆమె పేరు మీద ఒక బల్ల కూడా వేయిస్తారట. ఐదు నిమిషాల్లో గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. ఒక పెద్దమనిషి మాత్రం బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. చావుకు బొటనవేలు ఎత్తడమేమిటో ఆయనకే తెలియాలి.

నేను ఏ బొమ్మా పెట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మాట తూలితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆమె పేరు రాయను. వనపర్తిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎలాగూ తక్కువ. హిందువులకూ ముస్లిములకూ, చిన్నకూ పెద్దకూ ఆమె ఆపాయే, అంటే అక్కే. కానీ కారణం అది కాదు. మా క్లబ్బు ఒకప్పుడు బస్టాండులో సిమెంటు బల్లలు వేయించింది. ప్రతి బల్లకూ వీపు ఆనే చోట దాత పేరు, ఉబ్బెత్తు అక్షరాల్లో. ఆపా ఒక బల్ల మీద కాసేపు కూర్చుని లేచి, వీపు రుద్దుకుంటూ అప్పటి అధ్యక్షుణ్ణి అడిగింది.

"కూసునేటోని వీపుకు నీ పేరెందుకు గుచ్చుకోవాలె బాబూ? మోకాళ్ళు గుంజి కూసుంటడు గని, నీ పేరు సదువుతందుకు కూసుంటడా?"

తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "నేను సచ్చినంక నా పేరు గిట్ల యాడన్న ఎక్కించినవో, వచ్చి నీ కలం ఇరుస్త సారూ." అన్న మాట చేసే మనిషి. అందుకని రాయను.

పొట్టి మనిషి. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, బుగ్గన లవంగం, ఎడమ అరచేతి నిండా బాల్‌పెన్ను రాతలు. ఏ ఊళ్ళో ఎవరికి కంట్లో పొర ముదిరింది, ఏ బస్సు ఎన్నింటికి, ఎవరి కొడుకు ఫోను ఎత్తడు, అన్నీ ఆ చేతిలోనే. డైరీ కొనిపెడతానని ఒకసారి అన్నాను. "డైరీ ఇంట్ల మరిచిపోత. చెయ్యి మరిచిపోతనా?" అంది. సాయంత్రానికి ఆ అరచెయ్యి నీలంగా అయిపోయేది.

దయామయి, కరుణామూర్తి అని మావాళ్ళు ఇప్పుడు గ్రూపులో రాస్తున్నారు. ఉత్త మాట. ఆమె నోరు ముళ్ళకంప. ఆపరేషనైన కన్ను నలుపుకున్నాడని తిమ్మాజిపేట ముసలాయనను నలుగురిలో ఏడ్చేదాకా తిట్టింది. ఏడ్చాక తన టిఫిన్ డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, "తిను, ఏడ్సినంక ఆకలైతది" అంది. తిట్టినందుకు తప్పైందని మాత్రం అనలేదు. నాతో కూడా ఏనాడూ మెత్తగా మాట్లాడలేదు. క్లబ్బు కార్యదర్శిగా నేను రాసే మినిట్స్ పుస్తకం చూస్తే ఆమెకు చిరాకు.

మా సమావేశం ఎలా ఉండేదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నెలలో రెండో గురువారం, నాలుగో గురువారం, సాయంత్రం ఏడింటికి, ఎరువుల దుకాణం మీది హాలులో కూడేవాళ్ళం. బల్ల మీద ఇత్తడి గంట ఉండేది. అధ్యక్షుడు మెడలో పతకాల దండ వేసుకుని చిన్న సుత్తితో ఆ గంట కొడితేనే సమావేశం మొదలు. కొట్టకపోతే ఎంతమంది కూర్చున్నా అది సమావేశం కాదు, ఉత్త ముచ్చట. గంట కొట్టాక ప్రార్థన, నేను లేచి హాజరు పిలవడం, గత సమావేశపు మినిట్స్, అతిథి ఉపన్యాసం, వందన సమర్పణ, చివర భోజనం. జూనియర్ కాలేజీలో బతుకంతా సివిక్స్ చెప్పినవాణ్ణి, నాకు ఈ క్రమం ప్రాణం. నియమావళిని నా దస్తూరీతో రెండుసార్లు ఎత్తిరాసి అట్ట వేసుకున్నాను. వెనకాల నన్ను 'రూల్సు సారు' అంటారని తెలుసు. అది తిట్టని నాకు అప్పట్లో తట్టలేదు.

ఆపా మాకు తగిలింది ఒక కంటి శిబిరంలో. అప్పటి మా ఆనవాయితీ ఏమిటంటే, ఆపరేషనైనవాళ్ళను కంటి మీద పచ్చగుడ్డతో వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టడం, ముఖ్య అతిథి వచ్చి తలా ఒక బ్రెడ్డు ప్యాకెట్టూ రెండు అరటిపళ్ళూ చేతికిస్తుంటే ఫొటో తీయించడం. ఆ రోజు అతిథి రెండు గంటలు ఆలస్యం. నీడ జరిగి ఎండ కుర్చీల మీదికి వచ్చింది. సాయానికి వచ్చిన ఆపా ఎవరినీ అడగలేదు. బ్రెడ్డూ పళ్ళూ తానే పంచేసి, అందరినీ బండెక్కించి ఊళ్ళకు పంపేసింది. అతిథి వచ్చేసరికి ఖాళీ కుర్చీలు. ఆయన వాటికే ఉపన్యాసం ఇచ్చాడు. అది అయ్యాక అధ్యక్షుడు ఆమె మీదికి వెళ్ళాడు.

"ఎవర్ని అడిగి పంపినవమ్మా?"

"వాళ్ళ కండ్లను అడిగిన," అంది ఆపా. "ఎండల మండుతున్నయ్, పోతమన్నయ్."

ఆ వారం కార్యవర్గం అత్యవసరంగా కూర్చుంది. ఈమెను ఏం చేయాలి? మళ్ళీ శిబిరానికి రానివ్వకపోతే రోగులే రారు. రానిస్తే మన పరువు దక్కదు. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. బయట ఉన్నంతకాలం ఆమెకు మన నియమాలు పట్టవు, సభ్యురాలిగా చేర్చుకుంటే కట్టుబడక తప్పదు అని. సివిక్స్ తెలివి. అప్పటిదాకా మా క్లబ్బులో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. సభ్యుల భార్యలు ఏడాదికోసారి శ్రీరంగాపూర్ వనభోజనాలకు వచ్చి పులిహోర కలిపేవారు, అంతే. ఆపా కోసం ఆ నియమం కొట్టేశాం. సమానత్వం మీద ప్రేమతో కాదు, ఆమెను అదుపులో పెట్టడానికి. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సమావేశాల్లో ఆమె తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. అతిథి ఉపన్యాసం మొదలవగానే నిద్రపోయేది, గురకతో సహా. ముగియగానే కళ్ళు తెరిచి ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "చెప్పింది మంచిగుంది బాబూ. ఎన్నడు జేస్తవ్?" ఏడాది తిరిగేసరికి మాకు అతిథులు దొరకడం కష్టమైంది.

ఇక అసలు గొడవ. మా నియమావళిలో ఒకటుంది. వరసగా నాలుగు సమావేశాలకు రాని సభ్యుడి సభ్యత్వం రద్దు. దానికొక వెసులుబాటు కూడా ఉంది. మరో ఊరి క్లబ్బు సమావేశంలో కూర్చుని, అక్కడి కార్యదర్శి దగ్గర చీటీ తెచ్చుకుంటే ఆ గైర్హాజరు చెల్లిపోతుంది.

నాగర్‌కర్నూల్ అవతల ఒక ధర్మ కంటి దవాఖాన ఉంది. వాళ్ళ వ్యాను మా వైపు గురువారాలే వస్తుంది. తెల్లవారి ఊళ్ళు తిరిగి రోగులను ఎక్కించుకుంటుంది, ఆపరేషనై కోలుకున్నవాళ్ళను సాయంత్రం తిరిగి దించుతుంది. వ్యాను రావాలంటే మా క్లబ్బు కాగితం మీద జాబితా ఉండాలి, కింద ఒక సభ్యుడి సంతకం ఉండాలి, సంతకం చేసిన మనిషి వెంట ఉండాలి. ఆ మనిషి ఆపా. ఆమె వ్యానులో పోయి వ్యానులో వచ్చేసరికి మా వందన సమర్పణ అయిపోయేది. నేను హాజరు పిలిచేవాణ్ణి. జవాబు లేదు. ఆమె ఎక్కడుందో నాకు తెలుసు, హాలులో అందరికీ తెలుసు. అయినా రిజిస్టరు గడిలో 'గై.హా.' అని రాసేవాణ్ణి. గుండ్రంగా, అందంగా రాసేవాణ్ణి.

నాలుగో 'గై.హా.' పడిన మర్నాడు సభ్యత్వం రద్దయిన ఉత్తరం కూడా నా దస్తూరీతోనే వెళ్ళింది.

ఉత్తరం అందిన పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఎడమ అరచెయ్యి నా ముఖం ముందు పెట్టింది.

"సదువు సారూ."

చదివాను. వడ్డేపల్లి, ఈదమ్మ, రెండు కండ్లు.

"సీడు పత్తిల పని జేస్తది ఈమె. ఇప్పుడు మొగ్గ కానస్తలేదు. ఈ పూతకు కండ్లు రాకుంటె పనికి రావొద్దన్నరు. మొగడు లేడు, సంపాదించేటోడు లేడు, ఆ పనే దిక్కు. వచ్చే నెల వ్యానుకు ఈమెదే మొదటి పేరు. ఎవరు జేస్తరు సంతకం?"

గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. సాయంత్రం మొగ్గను గోటితో ఒలవాలి, మర్నాడు పొద్దున దానికి వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. చెట్టుకు చెట్టుకు, మొగ్గకు మొగ్గకు. కన్ను లేకపోతే ఆ పని లేదు.

"ఇంకో మెంబరు జేస్తడు ఆపా," అన్నాను.

"సంతకం జేసినోడు వ్యానుల పోవాలె. వాళ్ళ వాంతులు ఎత్తాలె. మీల ఎవడు ఎత్తుతడు, చెప్పు."

నియమావళి తెరిచి వెసులుబాటు చూపించాను. "మధ్యల ఒక్కపారి గద్వాల క్లబ్బు మీటింగుకు పోయి చీటీ తెచ్చుకుంటె అయిపోతుండె ఆపా. నేనేం జెయ్యాలె, రూలు గట్లుంది."

ఆమె లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. "అంటే గద్వాలకు పోయి, ఆడ మిర్చిబజ్జి తినొస్తె హాజరు. గద్వాల దాటి వడ్డేపల్లికి పోయి కండ్లు లేనామెను బండెక్కిస్తె గైర్హాజరు. గంతేనా?"

"గంతే," అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఇప్పుడు నేను మెంబరును గాను. గదా?" అని అడిగింది.

"కాదు ఆపా."

"మంచిది. అయితె మీ రూల్సు నాకు లేవు." అని వెళ్ళిపోయింది.

నాలుగో గురువారం వచ్చింది. ఆమె సంతకంతో ముందే పంపిన జాబితాకు అదే ఆఖరి వ్యాను. హాలులో పంతొమ్మిది మందిమి ఉన్నాం. ఏడు కావస్తుండగా, ఎన్నడూ లేనంత తొందరగా, కింద బండి ఆగిన చప్పుడైంది. కాన్వాసు బూట్లకు చప్పుడుండదు, ఆమె తలుపులోకి వచ్చాకే చూశాం. అధ్యక్షుడు అప్పుడే దండ వేసుకుంటున్నాడు. ఆయన తల దండలో ఇరుక్కుని ఉండగా ఆపా బల్ల దగ్గరికి వచ్చి, గంటా సుత్తీ తీసి చంకన పెట్టుకుని, వచ్చిన దారినే దిగిపోయింది.

"ఏయ్, గంట! గంట!" అన్నాడు అధ్యక్షుడు దండలోంచి.

అందరం కిటికీకి ఎగబడ్డాం. కింద వ్యాను తలుపు తెరిచి ఉంది. లోపల పదకొండు మంది, కళ్ళ మీద పచ్చగుడ్డలతో. ఆపా వ్యాను మెట్టు మీద కూర్చుని, గంట ఒళ్ళో పెట్టుకుని, లవంగం నములుతోంది.

"ఆపా! మర్యాదగ గంట పైకి తీసుకరా!" అని అధ్యక్షుడు అరిచాడు.

"మీరే కిందికి దిగుండ్రి బాబూ!" అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. "వీళ్ళు మెట్లెక్కలేరు, పట్టీలున్నయ్. మీకేమైంది? కండ్లు మంచిగనే ఉన్నయ్ గదా!"

బజారులో నలుగురు ఆగారు. పైన మాలో మాకు వాదన మొదలైంది. గంట లేనిదే సమావేశం లేదు, సమావేశం లేనిదే వందన సమర్పణ లేదు, అది కానిదే భోజనం లేదు. వంటాయన అప్పటికే బగారన్నం మూత తీశాడు. పళ్ళెం మీద గరిటెతో కొట్టి కానిచ్చేద్దామన్నాడొకాయన. "కుదరదు, నియమావళి ప్రకారం క్లబ్బు గంటే మోగాలి," అన్నాను నేను, అలవాటు కొద్దీ. ఎక్కడ మోగాలో కూడా చూపించి అధ్యక్షుడి పరువు నిలబెడదామని పుస్తకం తిరగేశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాను. గంట మోగాలని ఉంది. సమావేశం ఎక్కడ జరగాలో ఎక్కడా లేదు. రెండుసార్లు ఎత్తిరాసినవాణ్ణి, ఆ సంగతి అప్పటిదాకా నేను చూడలేదు.

పుస్తకం మూసి, రిజిస్టరు తీసుకుని మెట్లు దిగాను. అందరికన్నా ముందు నేనే దిగాను. గొప్ప కోసం చెప్పడం లేదు. గద్వాల మిర్చిబజ్జి గురించి ఆమె అన్న మాట నా చెవుల్లో అప్పటికి పదమూడు రోజులుగా ఉంది, ఇక భరించలేకపోయాను.

ఒక్కొక్కరే దిగారు. కొందరు సిగ్గుతో, కొందరు ఆకలితో. అధ్యక్షుడు ఆఖరున, దండ సరిచేసుకుంటూ దిగాడు. ఆపా గంటను రెండు చేతులతో ఆయన ముందు పట్టింది. "కొట్టు బాబూ. నేను కొడ్తె చెల్లదు." ఆయన కొట్టాడు. ప్రార్థన చదివాం. వ్యానులోవాళ్ళు ఎందుకో తెలియకపోయినా చేతులు జోడించారు. నేను హాజరు పిలవడం మొదలుపెట్టాను. ఆమె పేరు అప్పటికే నేనే గీత పెట్టి కొట్టేశాను. అయినా దాని దగ్గరికి రాగానే గట్టిగా చదివాను.

"ఉన్న," అంది ఆపా.

వ్యాను లోపల్నుంచి ఒక ముసలాయన, బ్రెడ్డుకు పేర్లు పిలుస్తున్నారనుకున్నాడేమో, "నేను గూడ ఉన్న సారూ!" అన్నాడు. ఆయన వెనక మిగతావాళ్ళు కూడా ఉన్న, ఉన్న అన్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ కోసం సమావేశాలు జరిపాం. వాళ్ళు హాజరైన సమావేశం అదే మొదటిది.

తీర్మానం వ్యాను బానెటు మీద రాశాను. సేవ జరుగుతున్న చోట ఉన్న సభ్యుడు సమావేశంలో ఉన్నట్టే. ఆపా సభ్యత్వం యథాతథం. అందరికన్నా ముందు 'ఆమోదం' అన్నది గరిటె సలహా ఇచ్చినాయన. బగారన్నం కూడా కిందికే దిగింది. వ్యానులోవాళ్ళకు పెట్టాకే మేం తిన్నాం, ఆపా చూస్తుండగా వేరే దారి లేదు మరి.

అంతా అయ్యాక ఆ నాలుగు 'గై.హా.'లను హాజరుగా దిద్దబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. దిద్దకు. రేపెవడన్న తెరిస్తె తెల్వాలె, మనం ఎంత తెలివిగలోళ్ళమో."

నెల తిరక్కుండా ఈదమ్మకు ఒక కంటికి, తర్వాత రెండోదానికి ఆపరేషన్లు అయ్యాయి. ఆ ఏడు పూతకు చేలో దిగింది. మా నాలుగో గురువారపు సమావేశం అప్పట్నుంచీ వ్యాను దగ్గరే. గద్వాల క్లబ్బువాళ్ళు మొదట నవ్వారు. నవ్వనీ అన్నాను. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది.

కరోనా రోజుల్లో తప్పనిసరై సమావేశాలు ఫోన్లలో పెట్టాం. ఆపా ఒక్కసారి చేరి, తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "నీ మొఖం కానస్తుంది సారూ. చెయ్యి కానస్తలేదు," అని కట్ చేసింది. అలాంటి మనిషికి వీళ్ళు లింకులో సంతాపం పెడతామన్నారు.

నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఖబరస్తానుకు నేనూ వెళ్ళి మట్టి ఇచ్చి వచ్చాను. బయట వడ్డేపల్లి నుంచి ఈదమ్మ వచ్చి నిలబడి ఉంది. మరునాడు ఆపా చెల్లెలు నన్ను ఇంటికి పిలిపించి ఒక కాగితం చేతికిచ్చింది.

"స్నానం జేపియ్యకముందు అక్క చెయ్యి చూసిన సారూ. మంచంల ఉండి గూడ ఊళ్ళకు ఫోన్లు జేసి రాసుకుంది. కడిగితె పోతయని ఎక్కించి పెట్టిన. ఎవరికియ్యాలె?"

తొమ్మిది పేర్లు. గురువారం వ్యానువి. జాబితా క్లబ్బు కాగితం మీద ఎక్కించి కింద నా సంతకం చేశాను. సంతకం అందంగా రాలేదు. అప్పటికి రెండు రోజులకు ఆ లింకు వచ్చింది.

నిన్న గురువారం. హాలు అలమారా తాళంచెవి ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. తెల్లవారకముందే పోయి గంట తీసుకుని వ్యానెక్కాను. వాంతులు ఎత్తాను. రెండుసార్లు ఎత్తాను. తిమ్మాజిపేటాయనెవరో కన్ను నలుపుకోబోతే నా నోట్లోంచి వచ్చిన తిట్టుకు నేనే ఆశ్చర్యపోయాను. తొమ్మిది మందిని దవాఖానలో దించి, పోయిన వారంవాళ్ళను ఎక్కించుకుని సాయంత్రానికి వనపర్తి చేరాం. ఏడింటికి వ్యానును ఎరువుల దుకాణం ముందు ఆపించాను. పైన హాలు చీకటిగా ఉంది. తన ఊరామెకు తోడుగా వచ్చిన ఈదమ్మ గంటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఫోను మోగింది. కొత్త అధ్యక్షుడు.

"సార్, అందరం లింకుల ఉన్నం. గంట కొడ్దమంటె అలమారల లేదట. మీ దగ్గరున్నదా?"

"ఉన్నది. వ్యానుల ఉన్నది. కావాలంటె కిందికి దిగుండ్రి."

"అందరం ఇండ్లల్ల ఉన్నం గద సార్. ఎట్ల దిగుతం? మీరే చేరుండ్రి. లేకుంటె ఆపా సంతాప సభల మీకు గైర్హాజరు పడ్తది. మంచిగుండదు."

వ్యాను లోపల పచ్చగుడ్డలన్నీ నా వైపే తిరిగి ఉన్నాయి.

"రాసుకో బాబూ," అన్నాను. "గై.హా. అని రాసుకో. గుండ్రంగ రాయి. ఎన్నడూ దిద్దకు."

ఫోను జేబులో పెట్టుకుని, ఈదమ్మను గంట కొట్టమన్నాను.